మా ఊరి రాజధాని

పెరటి చెట్టు మందుకు రాదని మన పెద్దలు ఊరకే అనలేదు. కంటి ఎదుట ఉన్నదాని విలువ మనిషికి అంత త్వరగా తెలియదు. ఈ మాటకు నేనే సాక్షిని. నేను పుట్టి పెరిగిన ఊరు చంద్రగిరి. తిరుపతి నుండి పడమటి దిక్కుగా బస్సెక్కితే చాలా కొద్దిసేపట్లో చేరుకోవచ్చు. నేటి తిరుపతి జిల్లాలో, స్వర్ణముఖీ నదీతీరాన, కొండ నీడలో ఒదిగిన ఈ ఊరు ఒకప్పుడు ఒక సామ్రాజ్యానికి రాజధాని. ఆ సంగతి నేను పాఠ్యపుస్తకంలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకొన్నాను. అయినా ఆ రాజధానిని నేను నిజంగా చూసింది నలభై ఏళ్ళు దాటిన తరువాతనే. అందుకు ముందు సముద్రాల కావల ఉన్న మరొక రాజధానిలో నేను నడవవలసి వచ్చింది.

చిన్నతనంలో కోట మాకు ఆటస్థలం. కూలిన బురుజులపైకి ఎక్కేవాళ్ళం, కందకం గట్టున సీతాఫలాలు ఏరుకొనేవాళ్ళం. రాజమహలు మాకు ఎండ తగలకుండా నీడనిచ్చే పెద్ద కట్టడం మాత్రమే. మా నాయన బేల్దారి. ఊళ్ళో ఇళ్ళు కట్టేవాడు. పాత గుళ్ళలో, కోటలో మరమ్మతు పనులు వచ్చినప్పుడు మేస్త్రి పిలిస్తే కూలికి వెళ్ళేవాడు. సాయంత్రం ఆయన ఇంటికి వస్తే సున్నపు వాసన ముందుగా వచ్చేది. సున్నం తిని తిని ఆయన అరచేతులు ఎండిన చెరువు అడుగులా పగుళ్ళు వారి ఉండేవి. అమ్మ రాత్రిపూట వాటికి కొబ్బరినూనె రాసేది.

జూనియర్ కళాశాలలో చేరిన రోజు నాకింకా గుర్తుంది. దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్న చోట నా కలం ఒక క్షణం ఆగింది. పక్కన నిలబడిన పిల్లల తండ్రులు ఉద్యోగులు, వ్యాపారులు. నేను 'వ్యవసాయం' అని రాశాను. మాకు సెంటు భూమి కూడా లేదు. నాయనకు చదువు రాదు. నేను చూపించిన చోట ఆయన వేలిముద్ర వేశాడు. ఆ సిరా మరకను తలగుడ్డకు తుడుచుకొని పనికి వెళ్ళిపోయాడు.

కాలం గడిచింది. చదువు నన్ను హైదరాబాదుకు, ఉద్యోగం లండను నగరానికి తీసుకువెళ్ళాయి. అక్కడ ఆరు నెలలు ఉండవలసిన పని. ఒక ఆదివారం ఉదయం తోటి ఉద్యోగి ప్రోత్సాహంతో ఒక వాకింగ్ టూరులో చేరాను. రుసుము చెల్లిస్తే ఒక గైడు పదిహేను ఇరవై మందిని వెంటబెట్టుకొని, పాత నగరంలో రెండు గంటలపాటు కాలినడకన తిప్పి చరిత్ర చెబుతారు. మా గైడు అరవై ఏళ్ళ పెద్దావిడ. చేతిలో గొడుగు, మెడలో ఎర్రని ఉన్ని శాలువ. ఆమె ప్రతి రాయినీ తన ఇంటి వస్తువును చూపినట్లు చూపించేది.

మొదట టవర్ హిల్ వద్ద ఒక పాత గోడ ముందు మమ్మల్ని నిలిపింది. రోమన్లు క్రీ.శ. 200 ప్రాంతంలో ఈ నగరం చుట్టూ కట్టిన ప్రాకారంలో మిగిలిన భాగమది. బూడిదరంగు రాళ్ళ వరుసల నడుమ ఎర్రని పెంకుల వరుసలు అందంగా కనబడుతున్నాయి. "ఈ రాళ్ళను పద్దెనిమిది వందల ఏళ్ళుగా పట్టి ఉంచింది సున్నం. ఆ పని చేసినవారి చేతులను ఒకసారి తలచుకోండి" అన్నది ఆమె. అందరూ గౌరవంగా గోడను తాకారు. నేనూ తాకాను. వేళ్ళకు గరుకుగా తగిలిన ఆ స్పర్శ నాకు కొత్తది కాదు. కాని ఎక్కడిదో ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

అక్కడి నుండి మాన్యుమెంటు అనే స్మారక స్తంభం వద్దకు నడిచాము. 1666 సెప్టెంబరులో పుడ్డింగ్ లేన్ అనే సందులోని ఒక రొట్టెల దుకాణంలో పుట్టిన నిప్పు నాలుగు రోజులలో పదమూడు వేలకు పైగా ఇళ్ళను బూడిద చేసిందట. ఆ ఇళ్ళలో ఎక్కువ భాగం కొయ్యవి. ఆ మరుసటి ఏడు చేసిన చట్టం ప్రకారం కొత్త ఇళ్ళను ఇటుకతోగాని రాతితోగాని కట్టవలసి వచ్చింది. ఆ స్తంభం ఎత్తు 202 అడుగులు. నిప్పు పుట్టిన చోటు కూడా దానికి అంతే దూరంలో ఉన్నది. ఒక నగరం తన కష్టాన్ని కూడా ఎంత జాగ్రత్తగా కొలిచి దాచుకొన్నదో అని ఆశ్చర్యపోయాను.

చివరకు లెడెన్‌హాల్ వీధికి చేరాము. ఉక్కుగొట్టాలు బయటికే కనిపించే ఒక వింత భవనం ముందు ఆమె ఆగింది. అది 1986లో ప్రారంభమైన లాయిడ్స్ సంస్థ భవనం. "ఇక్కడ పూర్వం ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. 1861లో దానిని పడగొట్టారు. భారతదేశాన్ని ఏలిన కంపెనీకి ఇక్కడ ఒక్క రాయి కూడా మిగలలేదు" అన్నది. తరువాత నావైపు తిరిగి, "మీరు భారతీయులా? ఏ ఊరు?" అని అడిగింది. తిరుపతి అంటే తెలియదేమోనని ఆలోచిస్తూ, ఎందుకో "చంద్రగిరి" అన్నాను.

ఆమె కళ్ళు వెలిగాయి. "చంద్రగిరి రాజులా! మద్రాసు నేల కంపెనీకి దక్కింది మీ రాజుల కాలంలోనే కదా!" అని తక్కినవారందరికీ ఆ కథ చెప్పింది. 1639లో చంద్రగిరి రాజులకు లోబడిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ ఉద్యోగికి సముద్రతీరాన ఒక ఇసుకనేలను ఇచ్చాడు. మరుసటి ఏడే అక్కడ సెయింట్ జార్జి కోట నిర్మాణం మొదలైంది. చెన్నపట్నం ఆ కోట చుట్టూ పెరిగింది. ఇదంతా చెప్పి ఆమె నన్ను అడిగింది: "ఆ రాజుల భవనం ఇంకా ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను.

"ఎలా ఉంటుంది? దేనితో కట్టారు? ఇన్ని యుద్ధాలు జరిగినా ఎలా నిలిచింది?"

నా నోట మాట రాలేదు. పదిహేను మంది విదేశీయులు నా ముఖంవైపు చూస్తున్నారు. ఆ భవనం నీడలో నేను పదిహేడేళ్ళు పెరిగాను. అది దేనితో కట్టారో నాకు తెలియదు. ఆమె నా ఇబ్బంది గ్రహించి నవ్వి, తన చిరునామా ఉన్న కార్డు చేతికిచ్చింది. "ఊరికి వెళ్ళినప్పుడు చూసి నాకు రాయండి" అన్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రోమన్ గోడను తాకినప్పుడు వేళ్ళకు తగిలిన గరుకుదనం ఎక్కడిదో అప్పుడు తెలిసింది. అది మా నాయన అరచేయి.

సంక్రాంతికి ఊరు వచ్చాను. భోగి మరునాడు నాయనతో, "కోట చూసి వద్దాం, నువ్వే చూపించాల" అన్నాను. డెబ్భై దాటిన వయసు, మోకాళ్ళ నొప్పి. ఆయన నన్ను వింతగా చూశాడు. "నేనేం చూపించేదిరా? చదువుకున్నోడివి నువ్వు" అన్నాడు. అయినా తలగుడ్డ చుట్టుకొని బయలుదేరాడు. గేటు వద్ద నేను రెండు టికెట్లు కొంటుంటే, "ఇన్నేండ్లలో టికెట్టు కొని లోపలికి పోవడం ఇదే మొదలు" అని నవ్వాడు.

బయటి ప్రాకారం దాటి నడుస్తుండగా నేను ప్రయాణానికి ముందు చదివిన చరిత్రను ఆయనకు చెప్పాను. వెయ్యేళ్ళ క్రిందట ఇమ్మడి నరసింగ యాదవరాయలు ఈ కోటకు పునాది వేశాడంటారు. తరువాత ఇది విజయనగర రాజుల వశమైంది. సామ్రాజ్యాన్ని చేజిక్కించుకొనక ముందు సాళువ నరసింహరాయలు ఇక్కడి నుండే అధికారం నెరపాడు. శ్రీకృష్ణదేవరాయల తరువాత 1529లో సింహాసనమెక్కిన అచ్యుతదేవరాయలు అంతకు ముందు ఈ కోటలోనే నిర్బంధంలో గడిపాడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు మరణించగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపీని విడిచి పెనుకొండ చేరాడు. ఆయన కుమారుడు రెండవ వేంకటపతి రాయలు 1592 ప్రాంతంలో చంద్రగిరిని రాజధాని చేసుకొన్నాడు. ఆయన ఆస్థానానికి యూరపు నుండి జెసూట్ మతగురువులు వచ్చారు. పులికాట్‌లో వర్తకం చేసుకొనడానికి డచ్చివారు ఆయన అనుమతి పొందారు.

నాయన అన్నీ శ్రద్ధగా విన్నాడు. "అంత పెద్ద రాజులా!" అన్నాడు. ఆ తరువాత రాజమహలు ఎదుట పచ్చిక అంచున ఆగి, చేతికర్రతో పైకి చూపించాడు. "ఇప్పుడు నేను చెప్తా విను. ఈ మూడంతస్తుల మేడలో కొయ్య ఎక్కడుండాదో కనిపెట్టు, చూద్దాం."

నేను తల ఎత్తి చూశాను. వరుసగా కమానులు, వాటి పైన మరొక వరుస కమానులు, అన్నింటికీ మీద గోపురాల వంటి శిఖరాలు. కమానులు సుల్తానుల కట్టడాలను, శిఖరాలు మన గుళ్ళను తలపిస్తున్నాయి. లోపలికి నడిచాము. నేడు ఆ భవనం కేంద్ర పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల. విగ్రహాలను దాటి దర్బారు మందిరంలో నిలబడి పైకప్పును వెదికాను. దూలం లేదు, వాసం లేదు.

"లేదు" అన్నాను.

"లేదు. రాయి, ఇటుక, సున్నం. అంతే. కప్పు విల్లు మాదిరి వంచి కట్టినారు. పక్కనున్న ఇటుక పడిపోతానంటే ఈ ఇటుక పడనీయదు. ఈ ఇటుక పడతానంటే ఆ పక్కది పడనీయదు. బరువు పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. కొయ్య ఉంటే చెద తినేది, నిప్పు తినేది."

నాకు ఒక్కసారిగా రెండు నగరాలు కళ్ళముందు మెదిలాయి. హంపీలో రాజభవనాల రాతి అరుగులు మాత్రమే మిగిలాయి. వాటిపైన నిలిచిన కొయ్య కట్టడాలు నాశనమైపోయాయి. లండను కొయ్య ఇళ్ళు కాలిన తరువాత ఇటుకకూ రాతికీ మారింది. ఆ అగ్నిప్రమాదం నాటికే మా ఊళ్ళో కొయ్య లేని మేడ నిలిచి ఉన్నది. 1646లో గోల్కొండ సేనలు వచ్చాయి. 1782లో హైదరాలీ వచ్చాడు. 1792 తరువాత ఎవరూ పట్టించుకొనని కాలం వచ్చింది. ఇన్నింటినీ అది తట్టుకొన్నది.

"సున్నం అంత గట్టిదా, నాయనా?" అని అడిగాను. నలభై ఏళ్ళ వయసులో మా నాయన పనిని గురించి నేను ఆయనను అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆయన మెట్టుపై కూర్చొన్నాడు. "సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. నీళ్ళు పోస్తే బుసబుస పొంగి పొడి అవుతాది. దాన్ని జల్లించి నానబెట్టాల. ఇసుక కలిపి గానుగలో తిప్పాల. ఎద్దు తిరిగేకొద్దీ వెన్న మాదిరి అవుతాది. కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తారు. పూత మీద పూత వేసి, నున్నటి గులకరాయితో గంటలకొద్దీ రుద్దాల. తొందరపడితే పగిలిపోతాది. గోడకెక్కిన సున్నం ఊపిరి పీల్చుకొంటా ఏండ్లకేండ్లు గట్టిపడతా ఉంటాది. కాల్చి పొడి చేసిన రాయి గోడకెక్కి మళ్ళీ రాయి అవుతాది."

నేను నిర్ఘాంతపోయాను. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తిరిగి సున్నపురాయిగా మారుతుందని రసాయనశాస్త్రంలో నేను చదువుకొన్నాను. సమీకరణం రాసి మార్కులు తెచ్చుకొన్నాను. అక్షరం రాని మా నాయనకు అది చేతులతో తెలుసు.

"ఇక్కడ నువ్వు చేసిన పని ఏది? చూపించు" అన్నాను ఆత్రంగా. ఆయన నన్ను ఒక కమాను దగ్గరకు తీసుకువెళ్ళాడు. "ఈ చుట్టుపక్కలే. నువ్వే కనిపెట్టు" అన్నాడు. నేను గోడను తడిమాను, దగ్గరగా చూశాను, వెనక్కు జరిగి చూశాను. పాతదేదో కొత్తదేదో తెలియలేదు. నాయన మొహం వెలిగింది.

"కనిపెట్టలేవు. కనిపెట్టినావంటే నేను సరిగా చెయ్యనట్టే. పాత పనిలో మన చెయ్యి కనబడకూడదు."

శాసనాలలో రాజుల పేర్లు ఉన్నాయి. దానం పుచ్చుకొన్నవారి పేర్లు ఉన్నాయి. ఈ కప్పును విల్లులా వంచినవాని పేరు ఎక్కడా కనిపించలేదు. చెయ్యి కనబడకుండా పని చేయడమే గొప్ప అనుకొన్న మనుషుల వరుసలో మా నాయన కూడా ఒకడు. ఆ మాట చెప్పాలనుకొన్నాను. గొంతు పెగలలేదు.

మేడ వెనుక కోనేటి గట్టు మీద కూర్చొన్నాము. కొండపై శిథిలమైన పైకోట గోడలు సాయంకాలపు ఎండలో ఎర్రబారుతున్నాయి. నాయన తిరుమల కొండల వైపు చెయ్యి చూపించాడు. స్వామికి నైవేద్యమైనప్పుడు కొండపై గంట మ్రోగేదట. దారి పొడుగునా మంటపాలలో ఒక గంట విని మరొక గంట మ్రోగించేవారట. చివరి గంట ఇక్కడ వినిపించిన తరువాతనే రాజు అన్నం ముట్టేవాడట. ఈ కథ మా ఊళ్ళో అందరూ చెప్పుకొంటారు. "రాజు సంగతి అందరూ చెప్తారు. ఎండలో, వానలో ఆ మంటపాల్లో చెవులు రిక్కించి నిలబడినోడి సంగతి ఎవరూ చెప్పరు" అన్నాడు నాయన. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కొంతసేపటికి మెల్లగా అన్నాడు:

"నిన్ను కాలేజీలో చేర్చిన దినం కాగితం మీద ఏం రాసినావో నాకు తెలుసురా అబ్బోడా."

నా గుండె ఝల్లుమన్నది.

"వేలిముద్ర వేసినాక అక్కడి గుమాస్తా చదివి వినిపించినాడు. 'ఎంత భూమి ఉందయ్యా నీకు?' అని అడిగినాడు. 'ఏదో కొంచెం ఉండాది సామీ' అన్నాను."

ఇరవై అయిదేళ్ళు ఆ మాటను ఆయన మనసులో దాచుకొన్నాడు. నన్ను నిలదీయలేదు. నా అబద్ధానికి తన అబద్ధాన్ని అడ్డుపెట్టి నా పరువు నిలిపాడు. నేను ఆయన చేతిని నా రెండు చేతులలోకి తీసుకొన్నాను. "తప్పు చేసినాను, నాయనా" అన్నాను.

"పిల్లోడివి. అప్పుడు నీకు ఏం తెలుసు? లెయ్యి, పొద్దుపోతా ఉండాది" అని నా భుజం ఆసరాగా పైకి లేచాడు.

తిరిగి వస్తూ మరొకసారి రాజమహలును చూశాను. చరిత్రకారులు చెప్పేదాని ప్రకారం, దామెర్ల నాయకుడు ఇచ్చిన నేలను 1645లో మూడవ శ్రీరంగరాయలు కంపెనీకి ధ్రువపరిచాడు. ఆ పత్రానికి ఈ మేడలోనే ఆమోదముద్ర పడిందని మా ఊళ్ళో చెప్పుకొంటారు. ఇసుకనేల పుచ్చుకొన్న కంపెనీ ప్రధాన కార్యాలయం లండనులో నేడు లేదు. ఇచ్చిన రాజుల మేడ మా ఊళ్ళో ఇంకా ఉన్నది. అది నిలవడం కేవలం రాజుల గొప్పతనం వలన కాదని ఇప్పుడు నాకు తెలుసు. పడిపోతున్న ఇటుకను పక్క ఇటుక పట్టుకొన్నది. పెచ్చులూడిన చోట ఏదో ఒక తరంలో ఎవడో ఒక బేల్దారి సున్నం పూసి, తన చెయ్యి కనబడకుండా వెళ్ళిపోయాడు.

ప్రతి ఊరికీ ఇటువంటి ఒక గోడ ఉంటుంది. ఆ గోడను గురించి చెప్పగలిగినవారు ఒక్కొక్కసారి మన ఇంట్లోనే ఉంటారు. మనం అడగము, వారు చెప్పరు. నేను అడగడానికి లండను దాకా పోయి రావలసి వచ్చింది. మీకు అంత దూరం అవసరం లేదు.

ఆ రాత్రి కార్డు తీసి లండనులోని పెద్దావిడకు ఉత్తరం రాశాను. భవనానికి మూడంతస్తులని, రాయి, ఇటుక, సున్నంతో కట్టారని, కొయ్య లేదని, కమానుల బలంతో నిలిచిందని వివరంగా రాశాను. "ఈ సంగతులు మీకు ఎవరు చెప్పారని అడుగుతారేమో. నన్ను కోటలో నడిపించి చూపిన గైడు మా నాయన" అని రాసి ఒక్క క్షణం ఆగాను. జూనియర్ కళాశాల దరఖాస్తు ముందు ఆగినట్లే కలం ఆగింది. ఈసారి ఆ తరువాతి మాట రాయడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"ఆయన వృత్తి బేల్దారి పని" అని రాశాను.